ఇత్తడి పలక మీద కుడికాలు

ఇంటర్వ్యూలో ఆడిన ఒక్క అబద్ధం కోసం ఆదివారం ఉదయం ఆరూ యాభైకి పెండిల్ హిల్ స్టేషన్‌లో చలికి వణుకుతూ నిలబడ్డాను.

వైటూకే గండం గడిచిన ఏడాది. నాలాంటి ప్రోగ్రామర్లు సిడ్నీలో చాలామంది ఖాళీ అయ్యారు. అలాంటి రోజుల్లో ఒక మేనేజరు గదిలో బేస్‌బాల్ బ్యాటు కనిపిస్తే, చిన్నప్పటి నుంచీ ఆ ఆటంటే నాకు ప్రాణమని చెప్పేశాను. మా తెనాలిలో ఆ ఆట పేరు విన్నవాడు లేడు. ఆయన పొంగిపోయి మూడు నెలల కాంట్రాక్టు ఇచ్చాడు. ఆ గడువు సోమవారంతో సరి.

ఆయన సొంత ఊళ్ళో ఒక గొప్ప పిచ్చర్ పేరుతో ఫుట్‌పాత్‌లో ఇత్తడి పలక పొదిగారు. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు. నేలమీది తెల్ల పట్టీకి ఒక కాలు ఆన్చి విసురుతాడు. అందుకని ఆ పలక మీద కుడికాలు మోపి ఫోటో దిగడం మా టీము ఆనవాయితీ. అందరి ఫోటోలూ ఆయన గోడ మీదున్నాయి. "సోమవారం నీ ఫోటో కూడా తే, కాంట్రాక్టు పొడిగించేద్దాం" అన్నాడు. పని పోతే వీసా కూడా పోతుంది. నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉంది.

పెండిల్ హిల్ పక్కనే గిరావీన్‌లో నాతోపాటు ఒకే ఇంట్లో ఉండే కర్నూలు ఖాదర్ కెమెరా పట్టుకుని తోడొచ్చాడు. రీలులో రెండే ఫోటోలు మిగిలాయి. సిడ్నీ సెంట్రల్ స్టేషన్‌లో ఎనిమిదింటికి దక్షిణం వైపు రైలు. టికెట్లు ముందే తీసుకుంటే కిటికీ పక్క సీట్లు దొరుకుతాయి. మేం తీసుకోలేదు. గౌల్బర్న్ ఊరు రాకముందే ఖాదర్ ఒక ఫోటో కంగారూకి ఖర్చు చేశాడు. రైలు దగ్గరికి వచ్చాక అది ఎండిన మొద్దని తేలింది.

పులిహోర డబ్బా తెరిచేసరికి ఎదుటి సీటు పెద్దమనిషి పలకరించాడు. మేం వెళ్ళే చోటు విని, "అక్కడ మీట్ పై బాగుంటుంది. ఆ పలకంటారా, ముప్పై ఏళ్ళుగా తొక్కుతున్నాను, ఒక్కసారీ చదవలేదు" అన్నాడు.

పదీ నలభై అయిదుకి దిగాం. ఊరి పేరు చెప్పను, చెబితే మీరూ వెళ్ళి కాలు పెడతారు. స్టేషన్ నుంచి అయిదు నిమిషాల నడక, మాంసం కూరి కాల్చే పైల దుకాణం ముందే పలక. ఆటగాడి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. అన్నీ అక్షరాలే. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటూ పెరిగినవాణ్ణి. పైగా అది పోయిన మనిషి పేరు. నా కాలు కదల్లేదు.

"తొక్కప్పా! ఒక్క సెకండే గదా" అన్నాడు ఖాదర్.

"ఏదీ, నువ్వు తొక్కి చూపించరా."

వాడు ధీమాగా వచ్చి, పలక చూసి, అంతే ధీమాగా వెనక్కి పోయాడు. "కాంట్రాక్టు నాది కాదు గదా!"

బూట్లు విప్పాను. మేజోళ్ళూ విప్పాను. దుకాణం నుంచి తెల్లజుట్టు ఆవిడ తొంగిచూసి, ఏం చేస్తున్నారని అడిగింది. చెప్పాను. ఆవిడ పకపకా నవ్వింది. "పెట్టు నాయనా. అది మా తమ్ముడి పేరే. రోజూ ఊరంతా తొక్కుతుంది, వాడేం అనుకోడు" అని లోపలికి వెళ్ళిపోయింది.

అంతవరకూ పోయిన మనిషి పేరు, ఇప్పుడు పక్కనే అక్క కూడా! కళ్ళు గట్టిగా మూసుకుని కాలు దించాను. చల్లటి ఇత్తడి బొటనవేలికి తగిలిందో లేదో, చెయ్యి దానంతటదే వంగి పలకను తాకి కళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఒంటికాలి మీద తూలాను. సరిగ్గా అప్పుడే ఖాదర్ నొక్కాడు. రీలు అయిపోయింది. ఆదివారం కదా, ఊళ్ళో రీలు అమ్మే దుకాణం ఒక్కటీ తెరిచి లేదు.

పైలో మాంసం ఉందని నేను, హలాల్ కాదని ఖాదర్, ఇద్దరం బంగాళాదుంప చిప్స్ తిని పన్నెండూ నలభై రైలెక్కాం. దారంతా తిట్టుకున్నాం. నేనే ఎక్కువ తిట్టాను.

నాలుగింటికి పారమట్టాలో దిగి, గంటలో ఫోటోలు కడిగే దుకాణంలో రీలు ఇచ్చాం. మొద్దు అద్భుతంగా వచ్చింది. రెండో దాంట్లో కాలు గాల్లో, చెయ్యి కంటి మీద, నాలుక బయట, అదీ నా అవతారం. ఖాదర్ కడుపు పట్టుకుని నవ్వి, ఉన్నట్టుండి ఆగాడు. ఫోటో మూల మీద వేలు పెట్టాడు.

"ఈమెను చూడప్పా."

నా వెనక ఆ దుకాణం ఆవిడ, బయటి బల్ల దగ్గరికి పైల ట్రే తీసుకెళ్తోంది. నేను పక్కకి తూలడంతో పలక ఖాళీగానే ఉంది, అయినా ఆవిడ అక్కడ ఫుట్‌పాత్ దిగి, రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తోంది.

"ఈమె గూడా తొక్కల్యా" అన్నాడు.

పెండిల్ హిల్‌కి ఇంకో పది నిమిషాల రైలు. ఒళ్ళో ఫోటో పెట్టుకుని మేనేజరుకి చెప్పాల్సింది మనసులో వల్లె వేసుకున్నాను. "సార్, నాకు బేస్‌బాల్ తెలియదు. మీ ఆటగాడి పేరు మాత్రం తొక్కలేను. వాళ్ళక్క కూడా తొక్కదు."