జేజి రోడ్డు దాటిన ఆదివారం

ఆ రోజుల్లో మా ఆళ్లగడ్డలో రోడ్డు ఎవరిదంటే, హారన్ పెద్దగా మోగించినోడిది. జీపు బస్సుకు దోవ ఇచ్చేది, బస్సు లారీకి ఇచ్చేది, సైకిలోడు అందరికీ దోవ ఇచ్చి కంపచెట్లలోకి దిగేవాడు. (నేను సైకిలు తొక్కింది తక్కువ, కాళ్లలో ముండ్లు తీసుకున్నది ఎక్కువ.) ఇంక నడిచేవాళ్ల సంగతి చెప్పేపనే లేదు. అవతలి పక్క చుట్టాలింటికి పోవాలంటే దేవునికి దండం పెట్టుకొని పరిగెత్తేవాళ్లు.

మా ఇల్లు నంద్యాల రోడ్డుకు ఈ పక్క, చర్చి ఆ పక్క. మా జేజి, అంటే నాయన తల్లి, ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకొని, బైబిలు చంకలో పెట్టుకొని, ఒక్కతే రోడ్డు దాటి పోయేది. ఒకసారి నాపరాళ్ల లారీ ఒకటి ఆమెను రాసుకున్నంత పని చేసి పోయింది. దెబ్బలేం తగల్లేదు గానీ నడిరోడ్డులో కూలబడింది. ఎలిమెంటరీ స్కూలు అయ్యవారైన మా నాయన ఆ సాయంత్రమే తీర్పు చెప్పేశాడు. "ఇంక నువ్వు ఒక్కదానివి దాటేది లేదు మా. నా సైకిలెనక కూచో, దిగబెడతా." "నేనేమన్నా బియ్యం మూటనా రా, క్యారేజీ మీద ఏసుకొని పోనీకి?" అనింది జేజి. ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు. దాంతో ఆమె చర్చికి పోవడమే మానేసింది. ఆదివారం పూట వాకిట్లో కూచొని, అవతల నుంచి వినబడే పాటలకు పెదాలు కదిపేది.

నేనప్పుడు నంద్యాలలో బి.ఎడ్. చదువుతున్నా, ఆదివారాలకు ఇంటికొచ్చేవాణ్ని. లోకాన్ని బాగుచేసే పని మాకే అప్పజెప్పారని గట్టి నమ్మకం. నంద్యాలలో అప్పుడే రోడ్డు మీద కొత్తగా తెల్లచారలు కొట్టారు. వాటి మీద మనిషి కాలు పెడితే బండ్లు ఆగాలని రూలు. (ఆగడం నేను చూడలేదు. రూలైతే చదివాను.) మా వీధికీ అవి కావాలని అడగాల్సినవాళ్లను అడిగితే "చూద్దాంలేప్పా" అన్నారు. వాళ్లు చూసేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఒక ఆదివారం తెల్లారుజామునే పక్కింటి ముగ్గులక్క దగ్గర (ఆమె ముగ్గేస్తే వీధంతా వచ్చి చూసేది, అందుకే ఆ పేరు) గంపెడు ముగ్గుపిండి అడుక్కొని, రోడ్డు మీద చారలు పోయడం మొదలుపెట్టా. మా ఇంట్లో ముగ్గులేసే అలవాటు లేదు, నా చేతికి అసలే లేదు.

అక్క చీపురు పట్టుకొని బయటికొచ్చి నోరు నొక్కుకుంది. "ఏందప్పా ఇది, పాడె మాదిరి గీసినావ్?"

"జీబ్రా చారలక్కా. జేజి దాటనీకి."

"ముసలామె దాటేదానికి ఇట్లా ఏస్తారా? నా పిండి పరువు తీస్తివి గదరా! లెయ్ ఆ పక్కకు!"

అంతే, నన్ను నెట్టేసి ఆమె కూచుంది. ఇంకో నలుగురు ఆడవాళ్లు దిగారు. కాసేపటికి నా చారల చుట్టూ చుక్కలు, మూలలకు తామరపూలు, సందుల్లో పసుపు, కుంకుమ, బంతిపూలు. అంతా అయినాక అక్క వెనక్కి జరిగి చూసుకొని, "ఇంత బాగుంటే దిష్టి తగలదా?" అని ఒక నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, సరిగ్గా నడిమధ్యలో పెట్టింది. నేను వద్దనలేదు. ఇంత అందమైన జీబ్రా నంద్యాలలో కూడా లేదని పొంగిపోయా.

చర్చికి పోయే వేళకు నా తెలివి బయటపడింది. నడిచేవాళ్లెవరూ దాని మీద కాలు పెట్టరే! "ముగ్గు తొక్కగూడదప్పా" అని చుట్టూ తిరిగి పోతున్నారు. పాలాయనైతే సైకిలు దిగి, క్యాన్లు గలగలమంటుంటే కాలువలో నుంచి తోసుకుపోయాడు. ఇంతలో నాపరాళ్ల లారీ ఒకటి వచ్చి కీచుమని ఆగింది. డ్రైవరు తలకాయ బయటపెట్టి పసుపు చూశాడు, కుంకుమ చూశాడు, నిమ్మకాయ చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవురో ఏందో చేసినారప్పా! నేను దాటను, నాకు చిన్నపిల్లోళ్లు ఉండారు" అని కిందికి దిగేశాడు. "పోయి ఆ కాయ తీ రా" అంటే క్లీనరు లారీ కిందికి దూరాడు. వెనక బస్సు, దాని వెనక జీపులు, అవతల నుంచి ట్రాక్టరు. సంగతి చెవినబడ్డ కొద్దీ ఒక్కొక్కరే హారన్లు ఆపేశారు. మా నాయన బనీను మీదే పరిగెత్తుకొచ్చి, "ఏం జేస్తివి రా? పోలీసోళ్లొస్తే ఏం చెప్తావ్?" అని నా చెవి పట్టుకున్నాడు. (బి.ఎడ్. చదివేవాడి చెవి, నడిరోడ్డులో!)

ఆ గొడవలో జేజి బైబిలు చంకలో పెట్టుకొని బయల్దేరింది. ఆపడానికి నాయన చెయ్యి ఖాళీగా లేదు. ఆమెకు దూరంగా ఉన్నది బాగానే కనబడేది, కాళ్ల కింద ఏముందో ఆనేది కాదు. తామరపూలు తొక్కుకుంటూ, ఒక చెయ్యి ముందుకు చాపి, తలెత్తుకొని నడిచింది. నడిమధ్యలో చెప్పు కింద నిమ్మకాయ చితికింది. ఆడవాళ్లు "అమ్మో!" అన్నారు. డ్రైవరు కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూస్తే ముసలామె నిక్షేపంగా ఉంది. రెండు చేతులెత్తి దండం పెట్టేశాడు. "దేవుడు సల్లగా చూస్తాడులే నాయనా" అని జేజి చర్చిలోకి పోయింది.

మధ్యాహ్నం సంగటి ముందు కూచొని నాయనతో అనింది. "చూస్తివా? లారీ నిలిపి, దిగి, దండం పెట్టినాడు. పెద్దోళ్లంటే ఎంత మర్యాద! నువ్వు ఊరికే బయపడతాండావ్." నాయన నా వైపు చూశాడు, నేను నాయన వైపు చూశా. ఎన్నాళ్లకో ఆమె మొహంలో నవ్వు కనబడింది. నిజం చెప్పి దాన్ని చెరిపే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. "సరేలే మా, నీ ఇష్టం, పో" అన్నాడు నాయన. ముగ్గు ఆ పొద్దే టైర్ల కింద కలిసిపోయింది గానీ, నిమ్మకాయ తొక్కిన ముసలామె కథ ఆ రోడ్డు డ్రైవర్లందరికీ పాకింది. తెల్లచీర కనబడితే బండ్లు నెమ్మదించేవి. కాళ్లాడినన్నాళ్లూ ఆమె ఒక్కతే దాటింది, అందరికీ దీవెనలిచ్చుకుంటూ.

ఇప్పుడు నేను నంద్యాలలో ఉంటున్నా. మా వీధి ముందర అసలైన పెయింటు చారలే ఉన్నాయి. అప్పుడప్పుడూ వాటి మీద నిలబడి, జేజి మాదిరే చెయ్యి చాపి చూస్తా. "సావనీకి నా బండే దొరికిందా పెద్దాయనా?" అని తిట్టి పోతారు. మొన్న మాత్రం ఒకమ్మాయి స్కూటీ ఆపేసింది. "దాటు తాతా" అనింది. తాతా అన్నందుకు చివుక్కుమంది గానీ, నా కోసం ఒక బండి ఆగిందన్న సంతోషంలో తలెత్తుకొని, దర్జాగా అవతలికి నడిచిపోయా. పోయినాక గుర్తొచ్చింది, నాకు ఆ పక్క పనేమీ లేదని.