ఒక్క తెల్ల లైటు కనిపిస్తే

నా బిడ్డ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను గడప దగ్గర కూర్చుని చింతచిగురు ఏరుతున్నాను. ఫోన్ మా ఆయనకు వచ్చింది. అవతలి మనిషి బొంబాయి ఓడ కంపెనీ నుంచి హిందీలో మాట్లాడుతున్నాడు. పెద్ద సార్లు ఫోన్ చేస్తే లేచి నిలబడి మాట్లాడటం మా ఆయనకు రైల్వేలో అయిన అలవాటు. ఆ పొద్దు కూడా నిలబడే "జీ, జీ" అన్నారు. వింటూ వింటూ చెప్పుల స్టాండు మీద కూర్చుండిపోయారు. అది విరిగింది. ఆయన లేవలేదు. నాకు అప్పుడే తెలిసిపోయింది.

జ్వరం వచ్చిందట. ఓడ ఒడ్డుకు చాలా దూరంలో ఉందట. సరుకు ఓడల్లో డాక్టరు ఉండడట, ఫోన్లో డాక్టరు చెబుతుంటే ఓడ ఆఫీసరే మందులిచ్చాడట. ఓడను దగ్గరి రేవు వైపు తిప్పారట. రేవు రాకముందే పోయిందట. అన్నీ ఇట్లా వాళ్ళు వీళ్ళు చెప్పినట్టే రాస్తున్నాను. నేను ఏదీ చూడలేదు. ఇరవై నాలుగేళ్ళు నా కళ్ళ ముందు పెంచిన పిల్ల పోవడం మాత్రం నేను చూడలేదు.

మాది సికింద్రాబాద్‌లో సీతాఫల్‌మండి. ఇక్కడ నుంచి సముద్రం ఎంత దూరమో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మా ఆయన మౌలాలి దగ్గర రైల్వే సిగ్నళ్ళ పని చేసి రిటైరయ్యారు. నేను ఐదో తరగతి దాకా చదివాను. మాకు ఒక్కతే బిడ్డ. అది తొమ్మిదో తరగతిలో ఉండగా రైల్వే పాసు మీద విశాఖపట్నం పోయాం. అందరి పిల్లలూ నీళ్ళలో ఎగురుతుంటే అది ఇసుకలో నిలబడి దూరంగా ఆగి ఉన్న ఓడల్నే చూసింది.

"నాన్నా, గవి అక్కడ్నే ఎందుకు ఆగినయ్?"

"లైన్ క్లియర్ ఇయ్యలేదు కావొచ్చు బిడ్డా" అన్నారు ఆయన.

అక్కడ మొదలైంది. ఇంటర్ అయ్యాక ఇంజినీరింగు వద్దంది, ఓడ నడిపే చదువు చదువుతానంది. ఎదురింటి వదిన మెట్ల మీద నన్ను ఆపింది.

"ఏంది వదినా, ఆడపిల్లను నీళ్ళ మీదికి తోలుతుండ్రంట? రేపు సంబంధమొచ్చి పిల్ల ఏడుందంటే ఏం జెప్తవ్?"

లోపలి నుంచి మా పిల్ల అరిచింది. "అరేబియా సముద్రంల ఉందని చెప్పుండ్రి అత్తమ్మా! అంత తొందరుంటే పడవేస్కొని రమ్మనుండ్రి!"

వదినకు కోపం రాలేదు. నవ్వింది. పిల్ల మొదటి ఓడ ఎక్కే రోజు పచ్చడి సీసా తెచ్చిచ్చింది కూడా ఆమే.

ఓడ ఆఫీసర్ల కింద పని నేర్చుకునే పిల్లల్ని క్యాడెట్లంటారు. ఓడ మీద ఇన్ని నెలలని తిరగాలి. తర్వాత రాత పరీక్షలు. ఆ తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి అడిగే నోటి పరీక్ష. అన్నీ గట్టెక్కితే లైసెన్సు. దాన్ని వాళ్ళు టికెట్ అంటారు. "నా సర్వీసంతా రైల్వేల చేసిన, ఒక్క టికెట్‌కు గింత పెద్ద లైను ఏడ చూడలే" అని మా ఆయన ఏడిపించేవారు. "దీనికి తత్కాల్ లేదు నాన్నా" అనేది.

మొదటి ఓడ దిగి వచ్చినప్పుడు మనిషి నల్లబడింది, భుజాలు గట్టిపడ్డాయి. అన్నానికి కూర్చుంటే కంచం కింద తడి బట్ట పరిచేది. ఓడ ఊగితే కంచం జారకుండా అక్కడ అట్లా వేస్తారట. "సీతాఫల్‌మండి ఊగదే" అంటే, "ఊగినప్పుడు పరుద్దామనుకుంటే అన్నం కింద పడిపోతదమ్మా" అనేది. మిద్దె మీద బట్టల తాడు తనే కట్టింది. ఆ ముడి ఏమిటో, వానలో నానినా, ఎండలో ఎండినా జారలేదు. విప్పడం ఎట్లాగో నేను అడగలేదు. ఇప్పుడు కూడా మా ముగ్గురి బట్టలకని కట్టిన ఆ తాడు మీదే మా ఇద్దరి బట్టలు ఆరేస్తున్నాను.

నోటి పరీక్షలో లైట్ల గురించి ఎక్కువ అడుగుతారట. చీకట్లో ఓడ కనిపించదు, దాని లైట్లు కనిపిస్తాయి. వాటిని బట్టి ఆ ఓడ ఎటు పోతోందో, మన ఓడను ఏం చేయాలో చెప్పాలి. తప్పు చెబితే ఇంటికే. మా ఆయన ప్లైవుడ్ కోసి మూరెడు ఓడ చేశారు. వినాయకుడి మండపంలో మిగిలిన సీరియల్ బల్బులు దానికి బిగించారు. ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ, ముందు ఎత్తున తెలుపు, వెనక ఒక తెలుపు. ఏ లైటు ఆ వైపుకే కనిపించేటట్టు మధ్యలో అట్టముక్కలు పెట్టారు.

దీపాలు పెట్టే వేళకు ఇంట్లో లైట్లన్నీ ఆర్పేవాళ్ళం. మా ఇల్లు రైలుపెట్టెలాగా పొడుగు. పిల్ల వాకిలి దగ్గర నిలబడేది. నేను వంటింటి కొసన ఓడ పట్టుకుని నాకు తోచినట్టు తిప్పేదాన్ని. "ఏం కనిపిస్తున్నయ్?" అని అడగడమే నా పని. మొదట్లో ఎరుపు ఎటు ఉండాలో నా చెయ్యి చూసుకుని తికమక పడేదాన్ని.

"నీ ఎడమ కాదమ్మా, నా ఎడమ కాదు. ఓడ ఎడమ. ఎప్పుడైనా సరే ఓడ దిక్కు నుంచే చూడాలె."

ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిసి కనిపిస్తే, "నా మీదికే వస్తుంది, కుడికి తిరుగుత" అనేది. ఒక్క ఎరుపే కనిపిస్తే ఇంకో జవాబు. ఓసారి ఓడ వెనక భాగం దాని వైపు తిప్పాను.

"ఏం కనిపిస్తుంది?"

"ఒక్క తెల్ల లైటు."

"అయితే?"

"రెండు తీర్ల ఉండొచ్చు. నన్ను ఇడిచి పోతున్న ఓడ వెనక లైటు కావొచ్చు. లేకుంటే లంగరేసుకొని ఆగిన చిన్న ఓడ కావొచ్చు. చీకట్ల రెండూ ఒక్కతీర్గనే కనిపిస్తయ్."

"మరెట్ల తెలుస్తది?"

"చూస్తనే ఉండాలె. జెర సేపు చూస్తే అదే తెలుస్తది."

సరిగ్గా అప్పుడే ఎదురింటి వదిన తలుపు తోసుకుని వచ్చింది. "ఏందే, తల్లీబిడ్డలు చీకట్ల క్షుద్రపూజలు షురూ చేసిండ్రా?" అంది. పిల్ల నేల మీద కూలబడి నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆ నడవలో ఉందనుకుని ఒక్కోసారి లైట్లార్పి నిలబడతాను. ఏమీ ఉండదు.

రాత పరీక్షలు పాసైంది. ఆ తర్వాత రూల్స్ మారాయి. ముందు ఒక కొత్త ట్రైనింగు కలిపారు. అది చేసొచ్చేసరికి పాత ట్రైనింగు ఒకదాని గడువు అయిపోయింది, దాన్ని మళ్ళీ చేసింది. కళ్ళ పరీక్ష మళ్ళీ చేయించుకుంది. అప్పుడు ఓడ మీద తిరిగిన నెలల లెక్క దగ్గర ఆపారు. దాని ఓడ ఒక రేవు బయట చాలా రోజులు లంగరు వేసుకుని ఆగి ఉంది. కొత్త లెక్కలో ఆ రోజులు చెల్లవన్నారు. ఇంకా కొన్ని నెలలు ఓడ మీద పోయి రావాలి. అది కూడా రాత పరీక్షల గడువు లోపలే. గడువు దాటితే అవీ మళ్ళీ రాయాలి.

మా ఆయన మండిపడ్డారు. "ఆగిన ఓడల నువ్వు కాళ్ళు జాపుకొని కూసున్నవా?"

"లంగరు మీద సుత డ్యూటీ ఉంటది నాన్నా. ఓడ జారుతుందేమోనని చూస్తనే ఉండాలె."

"మరి ఆ చూసింది లెక్కకు రాదా? చేరినప్పుడు ఒక రూలు, దిగేటప్పుడు ఒక రూలా?"

"ఓడలు మునిగినంక రూల్స్ మారుస్తరు నాన్నా. మంచికే. నేను నడుమల చిక్కిన, గంతే."

అంతే అంది. ఎవరినీ తిట్టలేదు. నేనే ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియక కూర్చున్నాను. తిట్టడానికి ఒక మనిషంటూ దొరికితే బాగుండు.

ఓడ దొరకడం అంత తేలిక కాదు. ఆడపిల్లకు వేరే గది కావాలి, మా ఓడలో లేదనేవాళ్ళు ఒకరు. ఆఫీసరయ్యాక రా అనేవాళ్ళు ఒకరు. ఆఫీసరు కావడానికే కదా ఓడ అడుగుతోంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఫోను గుండెల మీద పెట్టుకునే పడుకునేది. చుట్టాలు వస్తే మిద్దె మీదికి పోయేది. "ఇంకా టికెట్ రాలేదా?" అని అడుగుతారని.

చివరికి ఒక ఓడ దొరికింది. సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కించాం. కిటికీలోంచి నా చేయి పట్టుకుని, "ఈ నెలలు నిండినయంటే ఇగ నన్నెవరూ ఆపలేరమ్మా" అంది. మొహం వెలిగిపోతోంది. మళ్ళీ నేను చూసిన మొహం అది కాదు.

ఆఖరుసారి ఫోన్ చేసినప్పుడు గొంతు బాగోలేదు. ఓడ ఏదో రేవులో ఉంది, తెల్లారితే బయల్దేరుతుంది. ఒళ్ళు నొప్పులంది.

"రేవులనే ఉన్నవ్ కద బిడ్డా, దిగి డాక్టరుకు చూపెట్టుకో."

"చూపెడితే దింపేస్తరమ్మా. దిగితే ఈ నెలలు సుత సగంల ఆగిపోతయ్. మళ్ళ మొదటికొస్తది. పరేషాన్ కాకు, గోళీ వేసుకున్న."

ఓడ సముద్రంలోకి పోయాక జ్వరం పెరిగింది. ఓడలో వంట చేసే మంగళూరు ఆయన తర్వాత ఫోన్ చేశాడు. వచ్చీరాని హిందీ ఆయనది, వచ్చీరాని హిందీ నాది. గంజి కాచి చెంచాతో పోశానన్నాడు. దుప్పటి కప్పానన్నాడు. ఆ చేతులకు ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను. నా బిడ్డ ఒంటరిగా పోలేదన్న ఒక్క మాట ఆయనే ఇచ్చాడు.

బిడ్డను శంషాబాద్‌లో విమానం సామాన్లు దించే చోట మాకు అప్పగించారు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

పన్నెండో రోజు అయ్యాక దానితో చదివిన అమ్మాయి ఒకతి అల్వాల్ నుంచి వచ్చింది. ఆ అమ్మాయికి టికెట్ వచ్చేసింది, రూల్స్ మారకముందే. మా ఆయన ఆ అమ్మాయికి మంచినీళ్ళ గ్లాసు అందించారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"ఒక్కటి చెప్పమ్మా. పోయే నాటికి దాని నెలలు నిండినయా?"

ఆ అమ్మాయి చేతిలోని మంచినీళ్ళ గ్లాసు చూసింది. "నిండినయ్ అంకుల్. నోటి పరీక్షే మిగిలింది. అది మీ బిడ్డకు ఎంత పని?"

ఆయన తలూపారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. నేను గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోతే ఆ అమ్మాయి నా వెనకే వచ్చి నా భుజం మీద తల పెట్టింది.

"నిండలే ఆంటీ. జెర తక్కువున్నయ్."

ఆ రోజు నుంచి పాల దుకాణంలో, రిటైరైనవాళ్ళు కూర్చునే చోట, ఎవరడిగినా మా ఆయన "మా బిడ్డ ఆఫీసరు" అంటున్నారు. ఎదురింటి వదిన కూడా అవునంటుంది. నేను ఊరుకుంటున్నాను. ఇది అచ్చయితే ఆయన చదువుతారేమో. చదవనీ. ఎక్కిన తారీఖు, పోయిన తారీఖు ఆయనకు నాకంటే బాగా తెలుసు. జీవితమంతా సిగ్నళ్ళ మధ్య పని చేసిన మనిషి, ఆ లెక్క కట్టుకోకుండా ఉంటారా?

ఆ ప్లైవుడ్ ఓడ ఇంకా అటక మీద ఉందని నిన్నటి దాకా అనుకున్నాను. నిన్న దీపాల వేళకు వాకిట్లో చెప్పులు సర్దుతుంటే ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాయి. కరెంటు పోయిందనుకుని లోపలికి తిరిగాను. వంటింటి కొసన, నేను నిలబడే చోట, ఆయన నిలబడి ఉన్నారు. చేతుల్లో ఓడ ఉంది. ఎప్పుడు దించారో, ఎప్పుడు బాగు చేశారో. నేను నా బిడ్డ నిలబడే చోట ఉన్నాను.

"ఏం కనిపిస్తుంది?" అన్నారు.

"ఒక్క తెల్ల లైటు."

"అయితే?"

లైటు కొంచెం కదిలింది. గడపకు ఆనుకుని కూర్చున్నాను. అది పోతోందో, ఆగి ఉందో తెలిసేదాకా చూస్తూ ఉన్నాను.