ఖాయం చేసే కల్లు

మా దిక్కు కల్లును తాగుడు కింద లెక్క కట్టరు. పుట్టినా కల్లే, చచ్చినా కల్లే, అమ్మవారికి సాక పోయడానికీ కల్లే. సారా తాగేవాడిని తాగుబోతు అంటారు గానీ, కల్లు తాగేవాడిని ఎవరూ ఏమీ అనరు. పెండ్లీడు వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను. ఆ తర్వాత మాత్రం తాటాకు మడిచి చేసిన రేకలో తెల్లటి నురగ కనబడితే చాలు, నాకు ముచ్చెమటలు పట్టేవి.

అరవైల మొదటి సంవత్సరాలవి. వరంగల్‌లో రైల్వే గేటు దగ్గర మాదొక పెంకుటిల్లు. మా నాయన ఎడ్లబండి మీద మార్కెట్టు నుంచి స్టేషనుకు మిర్చి బస్తాలు తోలేవాడు. ఆయన జ్వరంతో పోయాక బండి, ఎడ్లు, మా అవ్వ, నేను, అందరం కలిసి అన్న నెత్తిన పడ్డాం. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. అన్నకు అప్పటికి మీసమైనా సరిగ్గా రాలేదు. మిర్చి ఘాటు గొంతులోంచి దిగాలంటే సారా పడాల్సిందేనని తోటి బండ్లవాళ్ళు నేర్పారు. బళ్ళో ఒక్క పద్యం నేర్వనివాడు ఇది మాత్రం తొందరగా నేర్చుకున్నాడు. మొదట పొద్దుగూకినాకే తాగేవాడు. పోనుపోను పొద్దున లేవగానే గొంతులో పడితే తప్ప పగ్గం పట్టలేని స్థితికి వచ్చాడు. "ఎడ్లు తాగకుంటనే గుంజుతన్నయి గదా, నీకేం రోగం?" అని నేనంటే కొట్టడానికి చెయ్యెత్తేవాడు.

ఒకసారి అవ్వ ఏడ్చి మొత్తుకుని, తన నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. అన్న నిజంగానే మానేశాడు. మర్నాటి నుంచి ఒళ్ళంతా చెమటలు, నిద్ర లేదు, గోడ మీద లేని చీమలను దులుపుతూ కూర్చున్నాడు. ఆ మరుసటి పొద్దున కళ్ళు తేలేసి, నాలుక కొరుక్కుని, నేల మీద పడి గిలగిలా కొట్టుకున్నాడు. నేను అట్లాంటిది ఎన్నడూ చూడలేదు. గాలి సోకిందని అవ్వ కేకలు పెట్టి, వేపమండలు తెమ్మని నన్ను తరిమింది.

వేపచెట్టు పక్కింటి వాకిట్లో ఉండేది. ఆ ఇంటామె కిరస్తానీ, భర్త పోయిన మనిషి. నేను మండలు విరుస్తూ ఏడుస్తుంటే సంగతి అడిగి, చేతిలో చేట అక్కడే పడేసి మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"వదినె, ఇది గాలి గాదు. తాగేటోడు ఒక్కపారి బంద్ జేస్తె గిట్లనే అయితది. మా ఆయనకు గూడ గిట్లనే అయింది. మేం గాలనుకోని ఇవే మండలతోని కొట్టిచ్చినం. తెల్లారి లేడు. దవాఖానకు తోల్కపోదాం, లెవ్వు!"

నా చేతిలోని మండలు అక్కడే జారిపోయాయి. అన్నను వాడి బండి మీదే పడుకోబెట్టి, ఎడ్లను నేనే తోలాను. ఆడపిల్ల బండి తోలుతోందని బజారంతా చూసింది. చూడనీ. దారి పొడుగునా వెనక్కి తిరిగి, ఊపిరి ఉందా లేదా అని అన్న ఛాతీ చూస్తూనే ఉన్నాను.

దవాఖానలో బతికించారు. ఇల్లు చేరితే మళ్ళీ తాగుతాడని పక్కింటామె మమ్మల్ని హనుమకొండలో తాము పోయే మందిరానికి తీసుకుపోయింది. అక్కడి పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనేవాళ్ళు, ఆయన భార్యను అమ్మగారు. తాగుడుకు దొరికిపోయిన పడుచు పిల్లగాళ్ళూ, వాళ్ళ తల్లులూ పెండ్లాలూ శుక్రవారం మధ్యాహ్నం అక్కడ చాపల మీద కూర్చునేవాళ్ళు. మా అవ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆమె భయం ఆమెది.

"అమ్మా, మెడల తాయెత్తు తియ్యమంటరా?" అని అడిగింది.

అమ్మగారు నవ్వింది. "నీ తాయెత్తు నీకే ఉండనియ్యి చెల్లె. నీ కొడుకును తీస్కోని రా. ప్రార్థన మేం జేస్తం, నువ్వు పక్కన కూసో."

ఆ మందిరంలో పద్ధతి ఒక్కటే. ఎవరి సంగతి వాళ్ళు లేచి నిలబడి నోటితో చెప్పాలి. తాగలేదంటే దేవునికి స్తోత్రం అనేవాళ్ళు. తాగానంటే కూడా ఎవరూ తిట్టేవాళ్ళు కారు, పక్కనున్నవాడు భుజం మీద చెయ్యి వేసి ప్రార్థించేవాడు. మళ్ళీ తాగాలనిపిస్తే ఏ వేళైనా సరే అయ్యగారి తలుపు తట్టమనేవాళ్ళు. మా అన్న మాత్రం ఒక్క శుక్రవారమూ లేవలేదు. కాలి బొటనవేలితో చాప గీకుతూ కూర్చునేవాడు. ఆడవాళ్ళ వైపు నుంచి నేను చూస్తూ, "లే అన్నా, ఒక్క మాట చెప్పు" అని మనసులో ఎంత మొత్తుకునేదాన్నో! నోట్లో ఉన్నది బయటికి రాకపోతే అది మళ్ళీ సారా దుకాణానికే తోలుకుపోతుందని నా భయం.

ఇంటివాళ్ళకు అమ్మగారు ఒకటే చెప్పేది: వాని తరఫున అబద్ధమాడొద్దు. మా అవ్వకు అదే చేతకాలేదు. కొడుకు తాగుడును కడుపునొప్పి అని, నడుమునొప్పి అని వాడకట్టంతా చెప్పి చెప్పి ఆమెకు అలవాటైపోయింది. ఒకరోజు అయ్యగారిని అడగనే అడిగింది, "సారా బంద్ జేసిండు సరే, జర కల్లు తాగితె ఏమైతదయ్యా? సలువ జేస్తది గదా?"

"పాము చిన్నదైనా పెద్ద కట్టెతోని కొట్టాలె తల్లీ. నీ కొడుకుకు కల్లైనా సారానైనా ఒక్కటే" అన్నాడాయన. అవ్వ తలూపింది గానీ నమ్మలేదు. నాకు తెలుసు.

వానకాలం పోయి చలికాలం వచ్చింది. అన్న తాగలేదు. బండి మళ్ళీ వేళకు కదిలింది. అయినా అన్న ఇల్లు చేరేదాకా నాకు అన్నం సహించేది కాదు. సరిగ్గా అప్పుడే పరకాల దిక్కు నుంచి నాకు సంబంధం వచ్చింది. బావి కింద పొలం, ఒక్కడే కొడుకు. పిల్లగాడు ఒకసారి వచ్చి చూసి, తల వంచుకుని కూర్చుని పోయాడు. అవ్వకు కాళ్ళు నేల మీద ఆగలేదు.

మాలో సంబంధం ఖాయమైతే రెండు వైపుల పెద్దలు ఒకే లొట్టిలోంచి, అంటే కల్లు కుండలోంచి, వంచుకుని తాగాలి. మగపెండ్లివారు కల్లు తెస్తారు, పిల్లనిచ్చేవాడు మొదటి రేక తాగుతాడు. వద్దంటే పిల్లనివ్వనన్నట్టే. నాయన లేడు కాబట్టి మా ఇంట్లో ఆ రేక పట్టాల్సింది అన్న.

ఆ మాట తట్టగానే అవ్వ దగ్గరికి పరుగెత్తాను. "అవ్వా, ముందుగాలనే వాళ్ళకు చెప్పు" అన్నాను.

"చెప్తె సంబంధం ఉంటదానే? బీమారి ఉంది, డాక్టరు వద్దన్నడని చెప్త. నువ్వు నోరు మూసుకో."

"అన్న మల్ల మొదలువెడితె ఎవల్ని అడుగుతవ్?"

"నీకు పెండ్లి గావద్దా? ఒక్క గుక్కకే సస్తడా?" అంది అవ్వ. అన్న వింటూనే ఉన్నాడు. లేచి ఎడ్లకు గడ్డి వెయ్యడానికి పోయాడు. ఆ రోజంతా నేను అన్న మొహంలోకి చూడలేకపోయాను. నా పెండ్లి కోసం తాగేస్తాడని, తాగి చస్తాడని నా భయం.

వాళ్ళు వచ్చారు. పిల్లగాడి తండ్రి, తల్లి, కులపెద్దలు ఇద్దరు. పిల్లగాడు రాలేదు, ఈ తంతుకు రావొద్దనేది రివాజు. లొట్టిని వాకిట్లో పెట్టారు. నేను లోపలి తలుపు సందులోంచి చూస్తున్నాను. కల్లు వాసన ఇంట్లోకి కూడా వచ్చింది. అన్న గొంతు ముడి పైకీ కిందికీ కదలడం నాకు అక్కడి నుంచే కనబడింది.

పిల్లగాడి తండ్రి అమ్మవారి పేరున నేల మీద సాక పోసి, రేక నింపి అన్న ముందుకు చాపాడు. "పట్టు అల్లుడా."

అవ్వ గబగబా అడ్డం వచ్చింది. "అన్నా, నా కొడుకుకు పానం బాగలేదు. డాక్టరు వద్దన్నడు. మా తమ్ముణ్ణి పిలుస్త, ఆడు తాగుతడు."

"గట్లెట్ల చెల్లె? ఇచ్చేటోడే తాగాలె. మందులు మింగేటోళ్ళు కల్లు తాగుతలేరా? నోరు తడుపుకుంటె సాలు."

"జర నోరు తడుపుకో కొడకా" అంది అవ్వ. ఆమె గొంతు ఏడుపులా ఉంది.

అన్న రేక అందుకున్నాడు. నేను తలుపు గట్టిగా పట్టుకున్నాను. రేక మూతి దాకా పోయింది. కొంచెం కల్లు చొక్కా మీద ఒలికింది. అక్కడ ఆగాడు. ఆగి, రేకను నేల మీద పెట్టి, లేచి నిలబడ్డాడు.

"మామా, నాకు బీమారి లేదు. నేను తాగుబోతును. ఒక్క గుక్క తాగితె ఆగను. ఈ లొట్టి అయిపోయేదాక తాగుత. ఇది అయిపోతె సారాకు పోత. ఎడ్లనమ్మి తాగుత. తాగి సస్త. నాకు భయమైతాంది మామా."

నెలల తరబడి మందిరంలో రాని మాట అది. నా కోసం వచ్చిన మగపెండ్లివారి ముందు, నడి వాకిట్లో నిలబడి చెప్పాడు. సంతోషపడాలో, నెత్తి కొట్టుకోవాలో నాకు తెలియలేదు. పిల్లగాడి తండ్రి మొహం తెల్లబోయింది. "పోదాం పాండ్రి" అని లేచాడు. అందరూ వెళ్ళిపోయారు. లొట్టి మాత్రం వాకిట్లోనే ఉండిపోయింది.

అవ్వ గోడకు చేరగిలబడి పరువు పోయిందని శోకాలు మొదలుపెట్టింది. అన్న ఆమె వైపు చూడలేదు. లొట్టినే చూస్తున్నాడు.

"అవ్వా, దాన్ని తీసెయ్యి. నాతోని అయితలేదు" అన్నాడు.

అవ్వ ఏడుపు ఆపింది. కొడుకు మొహంలో ఆమెకు ఏం కనబడిందో గానీ, లేచి లొట్టిని రెండు చేతులా ఎత్తుకుపోయి పెంటకుప్ప మీద బోర్లించింది. కల్లును తాగుడు కాదన్న మనిషి! అన్న అప్పటికే బండి కడుతున్నాడు. అయ్యగారి దగ్గరికి పోతున్నానన్నాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు. హనుమకొండ దారిలో సారా దుకాణాలు ఎక్కడెక్కడున్నాయో నాకు తెలుసు. పొద్దుగూకింది, అన్న రాలేదు. అవ్వా నేనూ వాకిట్లోనే కూర్చున్నాం.

తెల్లవారి తలుపు చప్పుడైతే, అన్న గురించి ఏదో కబురొచ్చిందని పరుగెత్తాను. తీస్తే పిల్లగాడి తల్లి. ఒక్కతే వచ్చింది. రాత్రి వరంగల్‌లోనే చుట్టాలింట్లో ఉన్నారట.

"బిడ్డా, మీ అన్నను ఎక్కడ మంచిగ జేసిన్రు?" అని అడిగింది.

"ఎందుకత్తా?" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా వాడు గూడ గంతే బిడ్డా. పెండ్లైతె మానతడని నీ తానికి వచ్చినం. నిన్న మా ఆయన లేచింది కోపంతోని గాదు. మా ఇంటి ముచ్చటే మీ అన్న చెప్తాంటె ఓర్వలేక లేచిండు."

నాకు ఎంత కోపం రావాలో అంత వచ్చింది. "నా గొంతు కోద్దామనుకున్నరా అత్తా!" అని అరిచేశాను. అన్న ఒక్క గుక్క మింగి ఉంటే నేను ఆ ఇంటి కోడలిని. అది తలుచుకుని గడప మీద కూలబడ్డాను. ఆమె నా పక్కనే కూర్చుని ఏడ్చింది. ఏడుస్తున్నదాన్ని ఎంతసేపు తిడతాం? లేచి, "నడువు అత్తా, చూపిస్త. మా అన్న ఆడున్నడో లేడో గూడ నాకు తెల్వది" అన్నాను.

రిక్షాలో పోతున్నంతసేపూ ప్రతి దుకాణం ముందూ మా బండి ఉందేమోనని చూశాను. బండి మందిరం ముందే ఉంది, ఎడ్లు విప్పి కట్టేసి ఉన్నాయి. అన్న లోపల అయ్యగారి పక్కన కూర్చుని గంజి తాగుతున్నాడు. ఆమెను చూసి గిన్నె కింద పెట్టి లేచాడు.

"కొడకా, నిన్న నువ్వన్న మాట మా వాని నోట ఎట్ల వస్తది? జర చెప్పు" అంది ఆమె.

అన్న నా వైపు చూశాడు. సంగతి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. కొడతాడేమో, తిడతాడేమో అనుకున్నాను.

"తెల్వదత్తా. నాకు ఎట్లొచ్చిందో నాకే తెల్వది. తోల్కరా. పక్కన కూసుంట" అన్నాడు.

శుక్రవారం ఆమె కొడుకును తెచ్చింది. నా మొగుడు కావాల్సిన మనిషి గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక చెప్పులు విడుస్తూ తొడుగుతూ ఉన్నాడు. అన్న చాప మీద జరిగి చోటిచ్చాడు. ఆడవాళ్ళ వైపు ఒక పక్క మా అవ్వ, ఒక పక్క ఆమె, మధ్యలో నేను. అప్పటిదాకా ఒక్కడి కోసం భయపడ్డాను. ఆ మధ్యాహ్నం నుంచి ఇద్దరి కోసం భయపడ్డాను.