పూలమ్మ పాస్ చేసిన బొమ్మ

గోదావరిఖనిలో బద్రుద్దీన్ సాబ్‌కు ఎదురుపడితే పరీక్ష తప్పేది కాదు. గని సర్వే ఆఫీసులో నక్షాలు గీసేవాడాయన. వాగుకో గుర్తు, దిబ్బకో గుర్తు, బావికో గుర్తు. గీసిన ప్రతిదాన్నీ జేబులో పెట్టుకుని జనం మీద పడేవాడు. "ఇదేందో చెప్పు!" చెప్పలేకపోతే మనిషిని పల్లెత్తు మాట అనడు. బొమ్మనే చించేస్తాడు.

ఒక పెళ్ళిలో పక్కవాడికి వంతెన గుర్తు చూపిస్తే వాడు "మటన్ బొక్క" అన్నాడు. సాబ్ ముందున్న బిర్యానీ వదిలేసి, మళ్ళీ గీయడానికి ఇంటికెళ్ళిపోయాడు!

అందరికన్నా ఎక్కువ బలైంది నేల కొలిచే చైన్‌మన్ రాయమల్లు. ఎండలో తిరిగొచ్చిన వాడికి మంచినీళ్ళకన్నా ముందు కాగితం అందేది. పీడ విరగడవుతుందని రాయమల్లు దేన్ని చూపినా "కప్ప సాబ్" అనేవాడు.

1986 ఎండాకాలంలో రాయమల్లుకు పెద్ద ఫికరు పట్టుకుంది. భార్య పూలమ్మ రోజూ అన్నం గిన్నెతో పాత గని మీదుగా అడ్డదారిన వచ్చేది. కింద బొగ్గంతా తీసేసిన చోటు. నేల కుంగి నెర్రెలు బారింది. కంచె వేస్తే పూలమ్మ కంచె దాటింది. మొగుడు తిడితే, "నీ బువ్వ సల్లవడొద్దనే గదా వస్తున్న! నా కాళ్ళ సంగతి నాకెరికే" అంది. వానలు పడితే ఆ నేల ఎప్పుడు దిగబడుతుందో చెప్పలేం. రాయమల్లు సాబ్ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"ఆమెకు చదువొచ్చా?" అన్నాడు సాబ్.

"రాదు సాబ్."

"బహుత్ అచ్ఛా!"

రాయమల్లుకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పూలమ్మ గిన్నె దించకముందే సాబ్ హాజరు. "ఇదేంది చెల్లె?"

"పిట్టగూడు."

చించేశాడు. ఇంకోటి తీశాడు.

"మాడిన రొట్టె."

అదీ పోయింది. పూలమ్మ పకపకా నవ్వింది. "గిట్లయితే నిన్ను నౌకరీకెల్లి తీసేస్తరు సాబ్!"

"అందుకే అడుగుతున్న. గేటు కాడ పెద్ద నక్షా పెడుతున్నం. నువ్వు పాస్ చెయ్యంది అండ్ల ఏ గుర్తూ ఉండదు."

ఆ మాటతో పూలమ్మ కొంగు నడుముకు చుట్టింది. రోజూ గీయడం, రోజూ ఫెయిలవడం. చివరికి నెర్రెలు గీసి, వాటి నడుమ సగం మునిగిన పాదం వేసి తెచ్చాడు. ఈసారి పూలమ్మ నవ్వలేదు.

"అయ్యో, నేల కుంగిన తావు గదా సాబ్! కాలువెడితే ఇంక దొరకం."

"పాసా?"

"పాస్!"

గేటు దగ్గర నక్షా పెట్టిన మర్నాడు అన్నం ఆలస్యంగా వచ్చింది, చల్లగా వచ్చింది.

"గింతసేపాయె, ఎటువోయినవ్?"

"సుట్టు తిరిగొచ్చిన" అనేసి పూలమ్మ గేటు దగ్గరికి పోయింది. కట్టెలకు పోతున్న ఆడవాళ్ళను నక్షా ముందు నిలబెట్టేసింది. "గీ బొమ్మ ఉన్నకాడికి పోవద్దు! ఉత్తగ పెట్టిన్రనుకున్నరా? నేను పాస్ చేసిన బొమ్మ!"

రాయమల్లు ఛాతీ ఇంతైంది. చల్లన్నం అమృతంలా తిన్నాడు.

"సాబ్, నేను మొత్తుకుంటె ఇన్లేదు. నువ్వు ఒక్కసారన్న పోవద్దని అనలే. ఎట్ల సాబ్?"

"అదంత తర్వాత" అంటూ సాబ్ జేబులోంచి కాగితం తీశాడు. "ఇదేంది?"

రాయమల్లు చేతులు కడుక్కుని, మొదటిసారి ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు. ఎంత శ్రద్ధగా చూసినా అది అచ్చం కప్పలాగే ఉంది.