ఇద్దరు నేసే జంపఖానా

కాశిబుగ్గలో జంపఖానాలు నేసే రాజక్కకు నోటికి రాని బైబిలు వాక్యం లేదు. సంఘంలో కంఠస్థ వాక్యాల పోటీ ఎప్పుడు పెట్టినా మొదటి బహుమతి ఆమెదే. ఆమె వంటింట్లో పప్పు, చింతపండు, కారం అన్నీ ఆ బహుమతుల స్టీలు డబ్బాల్లోనే ఉంటాయి. విశ్వాసంలోకి వచ్చి నలభై ఏళ్ళు. తాను ఇంకా ఎదగాల్సింది ఏమైనా ఉందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

బక్కమ్మ సంగతి ఎత్తితే మాత్రం మాట మార్చేసేది.

బక్కమ్మది పక్క గల్లీ. ఇద్దరూ వరసకు వదినా మరదళ్ళు, ఇరవై ఏళ్ళు ఒకే మగ్గం మీద కూర్చున్నవాళ్ళు. వెడల్పు జంపఖానా ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నూలు చుట్టిన నాడెను ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకుంటూ నేయాలి. మూడేళ్ళ కింద ఒక జంపఖానా అంచు వంకర పోయింది. నీ చెయ్యంటే నీ చెయ్యని అనుకున్నారు. అది అక్కడితో పోయేదే. కానీ ఆ వారం ఇంటి ప్రార్థన కూటంలో రాజక్క కళ్ళు మూసుకుని గొంతెత్తింది. "ప్రభువా, మా బక్కమ్మ ఒదినె గర్వాన్ని అణచు. ఆమె చేతికి ఒద్దిక నేర్పు!" బక్కమ్మ ఎదురుగానే ఉంది. అలవాటు కొద్దీ అందరూ "ఆమెన్" అనేశారు. కళ్ళు తెరిచేసరికి బక్కమ్మ కూర్చున్న చోటు ఖాళీ. ఆ తర్వాత ఆమె సంఘానికే రాలేదు.

"ప్రార్థనే జేసిన గని తిట్టిన్నా?" అని రాజక్క అందరినీ దబాయించేది. అప్పటి నుంచి ఒంటరిగా చిన్న జంపఖానాలే నేస్తోంది.

ఈ ఏడు కోత పండుగ దగ్గర పడింది. సంఘం వాళ్ళు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు అర్పణగా తెచ్చే పండుగ అది. రాజక్క ఎప్పటిలా పది రోజులు ముందే ఒక చిన్న జంపఖానా పట్టుకొచ్చింది. పాస్టర్ సదానందం గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రాజక్కా, అర్పణ తెచ్చినప్పుడు మన మీద ఎవరికన్నా బాధ ఉన్నదని యాదికొస్తే ప్రభువు ఏం చెయ్యమన్నడు?" అని అడిగారు.

రాజక్క ఠక్కున అందుకుంది. "అర్పణ ఆడనే ఇడిచిపెట్టి, ముందుగాల పోయి ఆ మనిషితోని సమాధాన..."

అక్కడ ఆగిపోయింది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఒక వాక్యం ఆమె గొంతుకు అడ్డం పడింది. పాస్టర్ గారు జంపఖానా బల్ల మీద పెట్టారు.

ఆ సాయంత్రం రాజక్క పక్క గల్లీ మొదలు దాకా వెళ్ళి, కొత్తిమీర కట్ట కొనుక్కుని వెనక్కి వచ్చింది. బక్కమ్మ మొహం మీదే తలుపు వేస్తే? వేస్తే వేసింది, ప్రభువు పొమ్మన్నాడు కానీ తలుపు తీస్తారని చెప్పలేదు కదా అనుకుని, మర్నాడు పొద్దున్నే మళ్ళీ బయలుదేరింది. బక్కమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది.

"ఒదినె, జర ప్రార్థన జేసుకుందామా?"

"నీ ప్రార్థనకో దండం తల్లీ! ఏమన్న ఉంటే కండ్లు తెర్సి నాతోని జెప్పు."

ఏ కంఠస్థ వాక్యమూ, ఏ స్టీలు డబ్బా ఆదుకోలేదు. రాజక్క కళ్ళు తెరిచే చెప్పింది. "తప్పు నాదే ఒదినె. దేవుణ్ణి అడ్డం పెట్టుకొని నిన్ను తిట్టిన. ఆ అంచు గుంజింది గూడ నా చెయ్యే."

బక్కమ్మ రెండు కాయలు గిల్లింది. "అంచు సంగతి నాకు అప్పుడే ఎర్క. ఈ గల్లీ దాటనీకి మూడేండ్లు వట్టిందా నీకు? లోపలికి రా, ఛాయ్ వెడ్త."

రాజక్కకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ మగ్గం మీద కూర్చున్నారు.

పండుగ నాటికి వెడల్పు జంపఖానా తయారైంది. పాస్టర్ గారు దీవించేలోపే పిల్లలు దాని మీదికి ఎక్కి కూర్చున్నారు. ఆయన నవ్వుతూ బక్కమ్మను ప్రార్థించమన్నారు.

బక్కమ్మ గొంతెత్తింది. "ప్రభువా, మా రాజక్క గర్వం..."

సంఘంలో సగం మంది ఒక కన్ను తెరిచారు.

"...దాన్ని ఆమె గల్లీ బయటనే ఇడిచి నా ఇంటికొచ్చింది. నాది గూడ గట్ల ఇడిచే బలం ఇయ్యి తండ్రీ."

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది రాజక్కే.