కోళ్ళను పరామర్శించే జహీరుద్దీన్

జహీరుద్దీన్ ఎవరింటికి వెళ్ళినా ముందు కోళ్ళను పలకరిస్తాడు, తీరిక దొరికితే మనుషులను. పలకరించడమంటే నోటితో కాదు. గూటి ముందు గొంతుక్కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి, పుల్లతో రెట్టను కదిపి చూస్తాడు. పశువుల దవాఖానలో ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు కానీ, ఆ సంగతి ఆయనకు ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు.

ఎనుమాముల మార్కెట్ వెనక గల్లీ వాళ్ళది. మిర్చి సీజనొస్తే అక్కడ మనుషులూ కోళ్ళూ కలిసే తుమ్ముతారు. "ఘాటుకు తుమ్మే కోడి వేరు, రోగానికి తుమ్మే కోడి వేరు" అంటూ ఆయన ప్రతి గూటికీ చెవి ఆనిస్తాడు. ఒకసారి రాజమల్లు కూతురి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, పెరట్లో కోడి రెక్క ఎత్తి చూస్తున్న ఆ పెద్దమనిషి ఎవరని అడిగారు. "మాకేం కాడు, కోళ్ళకు చుట్టం" అన్నాడు రాజమల్లు.

ఆనందరావు పోయినప్పుడైనా ఈయన మారతాడనుకుంది లిదియా. ఆనందరావు ఆమె భర్త, జహీరుద్దీన్‌కు పాతికేళ్ళ దోస్తు. ఆదరణ కూడికలో పాస్టరుగారు వాక్యం చదువుతుంటే అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు, ఈయన మాత్రం పెరట్లో గూటి దగ్గర ఉన్నాడు. బయటికొచ్చిన లిదియాను చూసి, "చెల్లె, కోళ్ళు నీళ్ళు తాగుతున్నయా?" అని అడిగాడు. ఆమెకు ఒళ్ళు మండింది. విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

భర్త వదిలిపోయినవాటిలో ఆమె ప్రాణమంతా ఒక ఎర్రపెట్ట మీదే ఉండేది. పరకాల అంగట్లో ఆయన ఏరికోరి కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కోడి అది. ఆయన పోయాక దాని గుడ్లు తినబుద్ధి కాలేదు. పొదుగుకు పెట్టుకొమ్మని నాలుగిళ్ళకు పంచింది. "మా ఆయన పేరు మీద నాలుగు పిల్లలు తిరగనియ్యుండ్రి" అని చెప్పి మరీ ఇచ్చింది.

పిల్లలు లేచాయి. వారం తిరక్కుండానే ఒక్కొక్కటీ రెక్కలు వేలాడేసి, వెనక సున్నంలా తెల్లటి రెట్ట అంటుకుపోయి, కూర్చున్నచోటే చచ్చిపోసాగాయి. చిలుకమ్మ ఇంట్లో పన్నెండుకు పది పోయాయి. దిష్టి అన్నవాళ్ళు దిష్టి అన్నారు, గాలి అన్నవాళ్ళు గాలి అన్నారు.

ఒక పొద్దున జహీరుద్దీన్ తెల్ల టైలు ముక్క, చిన్న మందు సీసా పట్టుకుని లిదియా పెరట్లో దిగాడు. ఎర్రపెట్ట రెక్క కింద నరాన్ని సూదితో గుచ్చి, నెత్తురు చుక్కను ఊదారంగు మందులో కలిపి, టైలును అటూ ఇటూ వంచాడు. రెండు నిమిషాలు కాకముందే ఆ చుక్క విరిగిన పాలలాగా గింజలు గింజలైంది. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.

"దీని కడుపుల క్రిమి ఉన్నది చెల్లె. దీనికేం కాదు, మంచిగనే తిరుగుతది. గుడ్డులకెళ్ళి పిల్లలకు పోతది."

"మందెయ్యరాదు భాయ్?"

"మందేస్తే అణుగుతది, పోదు. దీన్ని ఉంచొద్దు."

"ఆయన తెచ్చిన కోడి ఇది."

"నాకెరుక లేదా? బస్సుల పక్క సీట్ల నేనే కూసున్న."

లిదియా అక్కడే కూలబడింది. "అందరికీ గుడ్లు నేనే ఇస్తి. ఇగ ఆయన పేరెత్తితే ఏమంటరు భాయ్?" అని ఏడ్చింది. భర్త పోయిననాడు కూడా ఆమె అంత ఏడవలేదు. ఓదార్చడం జహీరుద్దీన్‌కు చేతకాదు. పెట్టను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వారానికి నల్లా దగ్గర చిలుకమ్మ నవ్వుతూ చెప్పింది. "విన్నవా లిదియక్కా? రోగం జహీర్ సాబ్ పుంజుకెళ్ళి వచ్చిందట. అది గోడలు దుంకి అందరిండ్లల్ల తిరిగేది గదా. ఆయనే ఇంటింటికొచ్చి చెప్పిండు. పుంజును పాతిపెట్టిండట. మా కోళ్ళ నెత్తురు చూసి, రోగమున్నయి తీసుకపోయి, ఆయన మంచి పెట్టలు ఇచ్చిండు."

"ఊరి కోళ్ళన్నిటి ముడ్డి చూసిండు, సొంత కోడిది మరిచిండు" అన్నాడు రాజమల్లు. బిందెలు పక్కన పెట్టి మరీ నవ్వారు.

లిదియా బిందె అక్కడే వదిలేసి నేరుగా జహీరుద్దీన్ ఇంటికి వెళ్ళింది. ఆయన నోరు తెరిచేలోపే, పాతిపెట్టిన పుంజు బాత్‌రూమ్‌లోంచి కూసింది.

"ఎందుకు భాయ్ ఇట్ల చేసినవు?"

ఆయన నేల చూపులు చూశాడు. "నన్ను చూసి ఎట్లైనా నవ్వుతరు చెల్లె. ఆనంద్‌ను చూసి ఎవ్వలూ నవ్వొద్దు."

లిదియా బాత్‌రూమ్ తలుపు తీసి, పుంజును చంకన పెట్టుకుని నల్లా దగ్గరికి నడిచింది. వెనక జహీరుద్దీన్ "జర ఆగు చెల్లె, ఆగు" అంటూ చెప్పుల్లేకుండా వచ్చాడు. ఆమె ఆగలేదు. రోగం తానిచ్చిన గుడ్లలోంచే వచ్చిందని, అది ఎర్రపెట్టదేనని అందరి ముందూ చెప్పేసింది.

"కోడి రోగం ఆనందన్నకు అంటుతదా అక్కా?" అంది చిలుకమ్మ మెల్లగా. "ఆయన పేరు మీద మళ్ళ వేరే కోడి గుడ్లియ్యి. పెట్టుకుంటం."

రాజమల్లు తల దించుకుని లిదియా బిందె నింపి పెట్టాడు. లిదియా ఏడుస్తూనే నవ్వింది. ఇన్నాళ్ళకు నవ్విందని ఆ గల్లీ అంతా సంతోషపడింది, ఒక్క జహీరుద్దీన్ తప్ప. ఇంటింటికీ తిరిగి అంత కష్టపడి చెప్పిన అబద్ధం ఖరాబైందని ఆయన బాధ. ఆయన భార్య మహబూబ్‌బీ మాత్రం చేతిలో టవల్‌తో గుమ్మంలోకి వచ్చి, "అల్లాకు వేయి దండాలు, ఇగ నేను తానం చేస్త" అని బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది.