గోడవతల డోలక్, చేతిలో ఉంగరం

ముత్తుకూరు రోడ్డు మీద నా నగిషీ కొట్టుకూ మా ప్రార్థన మందిరానికీ మధ్య ఒకటే గోడ. కావాలనే అక్కడ తీసుకున్నాను. పాటలు వింటూ పని చేసుకోవచ్చని ఆశ. పైగా మా ఆవిడ జబ్బునుంచి లేచిన ఏడాది, కృతజ్ఞతార్పణగా మందిరానికి మంచి డోలక్ కొనిచ్చాను. దాని దెబ్బ గోడలోంచి నేరుగా నా పనిబల్లలోకి దిగుతుందని అప్పుడు తోచలేదు.

పోర్టుకు పోయే లారీలకూ బల్ల అదురుతుంది. కానీ లారీ వస్తుంది, పోతుంది. రెండు లారీల మధ్య ఒక గీత గీసుకోవచ్చు. డోలక్ అలా వదలదు. అరణ్యంలో గుడారం కట్టేటప్పుడు దేవుడు చేతిపనివాళ్లను తన ఆత్మతో నింపాడని బైబిల్లో చదువుకున్నాం. వాళ్ల పక్కన ఎవరైనా డోలక్ వాయించారో లేదో అందులో రాయలేదు.

ఒక శుక్రవారం పొద్దున్నే మా పాస్టరుగారి అమ్మాయి కొట్టుకు వచ్చింది. మర్నాడు ఆమె పెళ్లి. చేతిలో చనిపోయిన వాళ్లమ్మ ఉంగరం. దానిమీది ద్రాక్షతీగ ఏళ్లతరబడి అంట్లు తోమి తోమి అరిగిపోయింది. ఆ తీగనే మళ్లీ తేల్చి, చివర తనకోసం ఒక కొత్త ఆకు వేయమంది.

"లోతు పోనీబాకన్నా. అమ్మది ఇదొక్కటే ఉండాది" అంది.

ఉంగరం రేకులా పలచబడి ఉంది. ఉలి ఒక్కసారి జారితే అవతలికి తూటు పడుతుంది. జాగ్రత్తగా చేస్తానని మాటిచ్చాను. ఆ రోజు మందిరంలో ఉపవాస ప్రార్థన, డోలక్ మోగుతుందన్న సంగతి ఆమె వెళ్లాక గుర్తొచ్చింది.

సన్నటి కర్రకు లక్క పూసి, అది వెచ్చగా ఉండగానే ఉంగరాన్ని ఎక్కించాను. లక్క గట్టిపడితే ఉంగరం కదలదు, లోపలినుంచి ఆసరా కూడా దొరుకుతుంది. ఆ కర్రను ఇసుక నింపిన తోలుసంచి మీద ఆనించాను. వంపు వచ్చినచోట ఉలిని తిప్పకూడదు, ఉంగరాన్నే తిప్పాలి. అదురు తగ్గుతుందని నా హవాయి చెప్పులు కోసి నాలుగు బల్లకాళ్ల కిందా పెట్టాను. ఉలి ఆనించానో లేదో, గోడవతల పాట ఎత్తుకున్నారు.

చెప్పులు పోయాయి గానీ అదురు పూర్తిగా పోలేదు. ఉలిమొన సన్నగా వణుకుతూనే ఉంది. వెళ్లి ఆపమనడానికి లేదు. వాళ్లు పాడుతున్నది ఈ పెళ్లి గురించే. వాయిస్తున్నది నేనిచ్చిన డోలక్కే.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నాడు. బిట్రగుంటలో రైల్వే పని చేసి రిటైరయ్యాడు. ఆయన ప్రార్థనకు నిలబడితే లోకంలో ఎవరినీ వదలడు. ఆయన పేరు పిలవగానే కళ్లు మూసుకుని లోలోపల నిట్టూర్చేవాళ్లలో నేనే మొదటివాణ్ణి. ఆ రోజు మాత్రం, ప్రభువా, ఆయన్ను ప్రార్థనకు లేపు అని మనసారా అడిగాను.

రెండు పాటలయ్యాక పాస్టరుగారు మైకులో ఆయన్నే పిలిచారు. డోలక్ ఆగింది. అందరూ మోకరించారు. నేను ఉలి దించాను.

ఆయన పడవల మీద వేటకు పోయినవాళ్లను జ్ఞాపకం చేసుకునేసరికి తీగ మొదటి వంపు తేలింది. కరెంటు ప్లాంటు కూలీల దగ్గర రెండో వంపు. శ్రీహరికోటలో రాకెట్లు వదిలేవాళ్లకు జ్ఞానం ఇమ్మని అడుగుతుంటే పాత ఆకులన్నీ తేలాయి. తర్వాత తల్లి లేని పెళ్లికూతురి పేరెత్తాడు. ఉలి పైకెత్తి, కళ్లు తుడుచుకున్నాను. ఇక కొత్త ఆకు ఒక్కటే మిగిలింది. ఆయన గొంతు చూస్తే ముగింపుకొచ్చినట్టుంది. ఇంకో ఐదు నిమిషాలు ప్రభువా అన్నాను. ఆయనకు లారీ డ్రైవర్లు గుర్తొచ్చారు. అప్పుడే బయట లారీ ఒకటి పోయింది. అది దాటేదాకా ఊపిరి బిగబట్టి ఉండి, ఆకు ఈనె గీసేశాను. ఆమెన్ వినబడేసరికి ఉలి బల్లమీద ఉంది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి కొత్త ఆకును గోటితో తడిమి చూసుకుంది. ఉంగరాన్ని గుప్పిట్లో పెట్టుకుని వెళ్లింది.

ఉపవాసం ముగించి పెద్దాయన మంచినీళ్లకు కొట్లోకి వచ్చాడు.

"ఏమబ్బా, గోడవతల నుంచి నీ ఆమెన్ వినపళ్లేదే. నా ప్రార్థన రవ్వంత పొడుగైందా?"

"సరిగ్గా సరిపోయిందన్నా" అన్నాను.

ఇన్నేళ్లలో ఆ మాట ఆయనతో ఎవరూ అని ఉండరు. గ్లాసు దించి, నేను ఎగతాళి చేస్తున్నానేమోనని నా మొహంలోకి చూశాడు. తర్వాత, చెప్పుల్లేని నా కాళ్లవైపు చూశాడు. చెప్పులు విడిచి నేనూ ప్రార్థనలోనే ఉన్నాననుకున్నాడేమో, తలూపాడు.